నందిగామ వైపే మరిగే కారు

"నాలుగు క్యాన్లు ఏ మూలకి నాన్నా? ఆరు పెట్టు."

"ఆరు పెడితే బరువు. బరువెక్కితే ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. సింపుల్ ఫిజిక్స్."

"అయితే నాలుగు డిక్కీలో పెట్టు. మిగతా రెండూ నా ఒళ్ళో పెట్టుకుంటా."

బుధవారం సాయంత్రం మా వాకిట్లో ఈ చర్చ నడుస్తూ ఉండగానే కాఫీలు రెండుసార్లు అయ్యాయి. క్యాన్లు డిక్కీలోకి ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. మర్నాడు మేం దాటాల్సింది ఎడారి కాదండీ. జగ్గయ్యపేట నుంచి నందిగామ! ముప్ఫై కిలోమీటర్లు, అద్దంలాంటి హైవే. ఆ నీళ్ళు మేం తాగడానికి కూడా కాదు. కారు తాగడానికి.

వాదిస్తున్నది మా ఆయన వరప్రసాదరావు గారు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. ఎదురు వాదిస్తున్నది మా అమ్మాయి అపూర్వ. ఇలాంటి విషయాల్లో మొదటి మాటా చివరి మాటా తనదే కావాల్సిన మా అత్తయ్య మాత్రం అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్నారు.

నా ఓటు సున్నా క్యాన్లకి. నన్నెవరూ అడగలేదు.

అడగనప్పుడు చెప్పడానికే కదా పత్రికల్లో కాలమ్‌లున్నది! కాబట్టి చెబుతున్నాను. కారు వేడెక్కడం ఒక జబ్బని మెకానిక్కులు ప్రచారం చేశారు. మనం నమ్మాం. అది జబ్బు కాదు, వరం! మీ ఇంట్లో మరిగే కారు లేకపోతే వెంటనే ఒకటి కొనుక్కోండి. కొత్తవాటిలో ఆ సౌకర్యం ఉండదు, పాతది చూసుకోండి.

మాది పదహారేళ్ళ నాటిది. ముదురు ఎరుపు రంగు. దాని వల్ల మేం పొందిన మేలు ఇంతా అంతా కాదు.

ముందుగా కుటుంబ ఐక్యత. చల్లటి కారులో ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటారు. మా కారులో అందరి చూపూ ఒక్క ముల్లు మీదే. టెంపరేచర్ ముల్లు సగం దాటగానే మా ఆయన ఏసీ కట్టేస్తారు. ముప్పాతిక దాటగానే అపూర్వ పాటలు కట్టేస్తుంది, పాటలకీ ఇంజన్‌కీ సంబంధం లేకపోయినా. ఎర్ర గీత తాకగానే అత్తయ్య కళ్ళు మూసుకుని లలితా సహస్రనామం అందుకుంటారు. ఇంత ఏకాగ్రత ఏ ధ్యాన కేంద్రంలో దొరుకుతుంది చెప్పండి?

తర్వాత ఆరోగ్యం. ఇంజన్ వేడెక్కితే హీటర్ వేయాలట! ఆ వేడి మన మీదకి లాగేసుకుంటే ఇంజన్ చల్లబడుతుందట. నిజమే, కాస్త చల్లబడుతుంది. ఎవరో ఒకరు త్యాగం చేయాలి కదా! మే నెలలో, మిట్టమధ్యాహ్నం, హీటర్ వేసుకుని నవాబుపేట దాటిన కుటుంబం ఈ భూమి మీద మాదొక్కటే అయ్యుంటుంది. బ్యూటీ పార్లర్‌లో మొహానికి మాత్రమే ఆవిరి పడతారు. మాకు అరికాళ్ళ నుంచీ పట్టేది.

ఇక జీవిత పాఠాలు. మరుగుతున్న రేడియేటర్ మూత వెంటనే తీయకూడదు, మొహం కాలుతుంది. ఊరుకోవాలి. కాసేపయ్యాక మందపాటి గుడ్డ వేసి పట్టుకుని, కొంచెం తిప్పి, బుస్సుమన్నాక ఆగి, అప్పుడు పూర్తిగా తిప్పాలి. ఈ ఒక్క విద్య పెళ్ళికి ముందు నేర్పితే ఎన్ని కాపురాలు చల్లగా ఉండేవి!

పరిచయాల సంగతి చెప్పనే లేదు. హైవే మీద బానెట్ ఎత్తిన కారు పక్కన మనిషి ఒంటరిగా ఉండడండీ. ఎవరో ఒకరు బండి ఆపుతారు. ఆపిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక వైద్యం ఉంటుంది. "బోరు నీళ్ళు పోస్తన్నారా? మన పేట నీళ్ళల్లో సున్నం ఎక్కువండి, లోపల పాచికట్టినట్టు కట్టుద్ది" అని ఒకాయన. "కూలెంట్ మార్చండి" అని ఇంకొకాయన. ఒక లారీ డ్రైవర్ అయితే లీకుకి పసుపు పోయమన్నాడు. పసుపు అనే మాట వినగానే అత్తయ్య మొహం వెలిగింది. అప్పట్నుంచీ మా రేడియేటర్ నుంచి కారేది నీళ్ళు కాదు, శ్రావణ శుక్రవారం గడప కడిగిన నీళ్ళు.

ఒకసారి నీళ్ళు చాలక, మా అమ్మకని తీసుకెళ్తున్న కొబ్బరి బోండాలు కొట్టి పోశారు. కారు చల్లబడింది. మా అమ్మకి విషయం చెబితే, "పోన్లే, ఎవరో ఒకరి కడుపు చల్లబడింది కదా" అంది.

మా అమ్మ భారతీదేవి నందిగామలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. మా కారు వల్ల ఆవిడ వంటలో గొప్ప ప్రావీణ్యం సంపాదించింది. ఫోన్ చేసి, "ఎక్కడ మరిగిందే?" అని అడుగుతుంది. చిల్లకల్లులో మరిగితే ఇంకా బియ్యం ఏరదు. నవాబుపేటలో మరిగితే కడిగి పెట్టుకుంటుంది. మేం గుమ్మంలో అడుగు పెట్టేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది, మాలాగే.

ఇక్కడ మీరొక ప్రశ్న వేయాలి. వేయలేదు. మా ఇంట్లో కూడా ఏళ్ళ తరబడి ఎవరూ వేయలేదు.

ఎప్పుడూ నందిగామ దారేనా? కోదాడ దారి సంగతేంటి?

కోదాడలో మా ఆడపడుచు ఉంటుంది. ఇంచుమించు అంతే దూరం, అదే హైవే, అదే ఎండ. ఆ ఊరికి ఎన్నోసార్లు వెళ్ళాం. గరికపాడు చెక్‌పోస్టు, ధాబాలు, బారులు తీరిన లారీలు, అన్నీ దాటుకుంటూ మా ముసలి కారు కొత్త పెళ్ళికూతురిలా వెళ్ళిపోతుంది. ముల్లు సగం దగ్గరే నిద్రపోతుంది. పాటలు మోగుతాయి. ఏసీకి నాకు చలి కూడా వేసింది ఒకసారి!

నా పుట్టింటి వైపు తిరిగితేనే ఈ కారుకి జ్వరం.

మెకానిక్ సతీష్‌బాబు దగ్గర థర్మోస్టాట్ మారింది, ఫ్యాన్ మారింది, పైపులు మారాయి, వాటర్ పంపు మారింది. మార్చిన ప్రతిసారీ అతను బైపాస్ మీద తిప్పి తెచ్చేవాడు. ముల్లు కదిలేది కాదు. "నా దగ్గరున్నంత సేపూ బానే ఉంటదండీ మీ బండి. డాక్టర్‌ని చూడంగనే జ్వరం తగ్గిన పిల్లాడి లెక్క. మీరెట్ట తోలుతున్నారో మరి!" అని మా ఆయన వైపు అదోలా చూసేవాడు.

మా ఆయన దగ్గర సిద్ధాంతాలున్నాయి. నందిగామ వైపు రోడ్డు ఎగువట. మరి వచ్చేటప్పుడు దిగువ కదండీ, అప్పుడూ మరుగుతోందేం అన్నా. "వెళ్ళేటప్పటి వేడి ఇంజన్‌లో నిలవుంటుంది" అన్నారు. పాపం, కారుకి అంత జ్ఞాపకశక్తి! నా పుట్టినరోజు ఆయనకి గుర్తుండదు.

అత్తయ్య సిద్ధాంతం ఇంకా సరళమైనది. దిష్టి.

కారు కొన్న కొత్తలో నందిగామ తీసుకెళ్తే మా అమ్మ దాని చుట్టూ తిరిగి చూసి, బుగ్గన వేలేసుకుని, "ఎంత ముద్దుగా ఉందే, కుంకుమ బరిణెలాగ!" అంది. అంతే. ఒక్క మాట. మర్నాడు తిరిగొస్తుంటే టైరులో మేకు దిగింది. ఆ మేకు టైరులోంచి తీసేశారు గానీ, అత్తయ్య మనసులోంచి తీయడం ఎవరి వల్లా కాలేదు.

అందుకని విరుగుడు కనిపెట్టారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి గుడిలో కారుకి పూజ చేయించినప్పుడు అమ్మవారికి కట్టిన చీర ఒకటి తెచ్చుకున్నారు. ఆకుపచ్చ పట్టుచీర, గంధం రంగు అంచు. నందిగామ బయల్దేరే ముందు ఆ చీరని బారుగా మడిచి, కారు మొహానికి అడ్డంగా, ఈ లైటు నుంచి ఆ లైటు దాకా రెండు మడతల మీద బిగించి, కొసలు బానెట్ కింద దూర్చి కట్టేవారు. మధ్యలో వేపరెమ్మలు. తిరుగు ప్రయాణానికి ఇంకా గట్టిగా కట్టాలి. మా అమ్మ చూసేసింది కదా మరి!

కోదాడకి కట్టేవారు కాదు. ఒకసారి అడిగితే ఆశ్చర్యపోయారు. "మన అమ్మాయి దగ్గరికి వెళ్తూ దిష్టి చీర ఏంటమ్మా? మనవాళ్ళ కళ్ళు మనకి తగుల్తాయా?"

నిజమే. తగలవు.

ఈ ఏర్పాటు ఎప్పటికీ ఇలాగే హాయిగా సాగిపోయేది. కానీ మా అమ్మ రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. ముందు కుడికన్నుకి ఆపరేషన్ అన్నారు. డాక్టర్ విజయవాడ నుంచి గురువారాలే వస్తాడు, మధ్యాహ్నానికి వెళ్ళిపోతాడు. చేసేది చిన్న ఆపరేషనే. చిక్కల్లా తర్వాత. మా తమ్ముడిది మిర్చి వ్యాపారం. కింద గోడౌన్, పైన ఇల్లు. ఆ ఇంట్లో మామూలు కళ్ళతో ఉన్నవాళ్ళమే తుమ్మి తుమ్మి ఏడుస్తాం. కోత పెట్టిన కంట్లోకి ఆ ఘాటు వెళ్తే?

అందుకని ఆపరేషన్ కాగానే అమ్మని మా ఇంటికి తెచ్చుకుంటా, చుక్కలు వేయడం అయ్యేదాకా ముందుగదిలో ఉంచుకుంటా అన్నా. మా ఆయన అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య తులసికోట వైపు చూశారు. "చూద్దాం, ముందు ఆపరేషన్ కానీ" అన్నారు.

ఆ క్యాన్ల చర్చకి ముందటి గురువారం బయల్దేరాం. అత్తయ్య ఇంట్లోనే ఉండి సాగనంపారు. సందర్భం పెద్దది కాబట్టి చీర మూడు మడతలు పడింది.

నవాబుపేట దాకా కూడా పోలేదు. చిల్లకల్లు టోల్ గేటు దాటీ దాటగానే తెల్లటి పొగ! మా ఆయన దిగి, అలవాటు ప్రకారం ముందు చీర విప్పి, కళ్ళకద్దుకుని, నా ఒళ్ళో పెట్టి, బానెట్ ఎత్తి, లోపలికి తొంగి చూడటం మొదలుపెట్టారు. ఆగిన వాళ్ళందరూ కూడా లోపలికే తొంగి చూస్తున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది, పైపు బాగుంది, బెల్టు బాగుంది.

నా ఒళ్ళో చీర మాత్రం ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టు కాలుతోంది.

తిప్పి చూశా. లోపలి మడత మీద అడ్డగీతలు, అచ్చు కారు ముందు జాలీ ముద్ర. పై మడత నిండా హైవే మీద దుమ్ము, పత్తి నూగు, చచ్చిన పురుగులు. ఒక సీతాకోకచిలుక కూడా. ఇవన్నీ గాలితో వచ్చినవే. చీర దగ్గర ఆగిపోయాయి. వాటితో వచ్చిన గాలి మాత్రం ఎక్కడికి పోయుంటుంది?

నాకు ఫిజిక్స్ రాదు. కానీ వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి క్యాలెండర్ అడ్డం తగిలిస్తే ఏమవుతుందో తెలుసు.

ఇంజన్ చల్లారేదాకా ఆగి, మేం ఆసుపత్రికి చేరేసరికి డాక్టర్ వెళ్ళిపోయాడు. తమ్ముడు సరుకుతో గుంటూరు వెళ్ళాడు, ఇంటి మనిషి పక్కన లేకుండా వాళ్ళు లోపలికి తీసుకెళ్ళలేదు. మా అమ్మ వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. కుడికన్ను పైన నుదుటి మీద గుర్తుగా చిన్న ప్లాస్టర్ ముక్క. చుక్కలు వేశారేమో, రెండు కళ్ళూ చికిలిస్తోంది. నా అడుగుల చప్పుడు పట్టి, "వచ్చారా? అల్లుడుగారికి ముందు మంచినీళ్ళివ్వవే, ఎండన పడొచ్చారు" అంది.

బయటికి నడిపించుకొస్తుంటే కారు ముందు ఆగింది. "ఇది మనదేనా? వేరే ఎవరిదో తెల్లకారులా ఉందే?"

చూశారా! ఆనాటి కుంకుమ బరిణె ఆవిడకిప్పుడు సున్నం డబ్బా. ఎదురుగా ఉన్నది కారో ఎడ్లబండో పోల్చుకోలేని ఆ కళ్ళు, ముప్ఫై కిలోమీటర్ల అవతల నుంచి గురి తప్పకుండా మా రేడియేటర్ మరిగించేస్తున్నాయట! ఇంత శక్తి ఉంటే కరెంటు వాళ్ళు మా అమ్మని ఊరికే వదిలిపెడతారా?

సాయంత్రం ఇంటికొచ్చాక సంగతంతా విని అత్తయ్య నిట్టూర్చారు. కోపంగా కూడా కాదు, జాలిగానే అన్నారు. "చూశావా అమ్మాయ్, వద్దన్నానని కాదు. ఇనుప బండి, అదే తట్టుకోలేకపోయింది. ఇక ఇల్లేం తట్టుకుంటుంది చెప్పు?"

నేను చెప్పలేదు. ఆదివారం దాకా ఆగా.

ఆదివారం అందరం కోదాడ బయల్దేరాం, ఆడపడుచు గారింటికి. అత్తయ్య వెనక సీట్లో స్వీట్ల డబ్బా పట్టుకుని కూర్చున్నాక, "ఒక్క నిమిషం, గేటు వేసొస్తా" అని దిగా. గేటు వేశా. లోపల వాళ్ళు ఏ పాట పెట్టాలో వాదించుకునేలోపు కారు ముందుకెళ్ళి చీర కూడా కట్టా. మూడు మడతలు, వేపరెమ్మలు, కొసలు బానెట్ కింద. ఇన్నేళ్ళు చూస్తున్నదాన్ని, ఆ మాత్రం రాదా!

గరికపాడు చెక్‌పోస్టు ముందు మా కారు బుస్సుమంది.

అటు నుంచి వచ్చే లారీలు, ఇటు నుంచి వెళ్ళే లారీలు, మధ్యలో పొగ మేఘంలో మేము. మా ఆయన దిగి ముందుకెళ్ళి, కొయ్యబారిపోయారు. "ఇదెవరు కట్టారు?"

"నేనేనండీ. మంచిదే కదా!"

అత్తయ్య తల బయట పెట్టారు. "కోదాడకి అదెందుకే? మా అమ్మాయి కళ్ళేమన్నా..." అని ఆగిపోయారు.

ఆ వాక్యం ఎటు పూర్తి చేసినా కష్టమే. కారు మరిగిందంటే కారణం దిష్టి. నందిగామ దారిలో మరిగితే నందిగామ వాళ్ళ దిష్టి. మరి కోదాడ దారిలో మరిగితే? మేం అటు వెళ్తున్నట్టు మా అమ్మకి తెలియను కూడా తెలియదు. ఇక మిగిలింది అత్తయ్య కన్నకూతురి కళ్ళు. లేదంటే, ఆ చీర.

మా ఆయన చీర చేతిలో పట్టుకుని కారు జాలీ వైపు చూశారు. చీర మీది గీతలు చూశారు. మళ్ళీ జాలీ చూశారు. ఉష్ణ ప్రసారం అనే పాఠం ఎంతమంది పిల్లలకి చెప్పుంటారో ఆ మనిషి! ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "థర్మోస్టాట్ అనుకుంటా" అన్నారు.

నీళ్ళు పోసుకుని, చీర వెనక సీట్లో పెట్టుకుని, కోదాడ వెళ్ళాం, వచ్చాం. ముల్లు కదిలితే ఒట్టు!

ఇంటికొచ్చి చీరని పెరట్లో దండెం మీద ఆరేశా, అంతే. జాలీ గీతలు హాల్లోకి కనిపించేట్టు. బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే అందరూ ఆ చీర కింద నుంచి తలొంచుకునే వెళ్ళాలి. అందరూ తలొంచుకునే వెళ్ళారు. చీర గురించి ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడితే సిద్ధాంతాలు పోతాయి. అందుకే బుధవారం సాయంత్రం క్యాన్ల గురించి మాట్లాడుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, వేడెక్కే కారు వరమా, కాదా?

నా పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో పాలు విరిగినా, ఫ్యూజు పోయినా, అపూర్వకి జలుబు చేసినా, "నిన్న మీ అమ్మ ఫోన్ చేసిందా?" అనే అడుగుతారు. కోపంతో కాదు, ఎండెలా ఉందని అడిగినంత మామూలుగా. కోడలి తల్లి ఎంత మంచిదైనా పొగిడితే నేరం, పొగడకపోతే కుళ్ళు. ఈ కేసులో నేనెప్పుడూ గెలవలేదు, నాకు సాక్షి లేక. పాలు సాక్ష్యం చెప్పవు, ఫ్యూజు చెప్పదు. చివరికి చెప్పింది ఎవరు? ఈ పదహారేళ్ళ ముసలిది! అదీ రాష్ట్ర సరిహద్దులో, చెక్‌పోస్టు ముందు, నలుగురూ చూస్తుండగా, పొగలు కక్కుతూ!

చల్లగా ఉండే కొత్తకారు ఈ పని చేసి పెడుతుందా?

బుధవారం భోజనాల దగ్గర కూడా మా ఆయన క్యాన్ల మీదే ఉన్నారు. "ఐదు. ఫైనల్."

"క్యాన్లెందుకురా?" అన్నారు అత్తయ్య.

గొంతు పెంచలేదు. ఆవకాయ అందుకుంటూ అన్నారు. "రేపు ఆ చీర కారుకి కట్టొద్దు. నేను కట్టుకుంటా. ఉతికి ఇస్త్రీ చేయించా."

"నువ్వా? నువ్వెక్కడికమ్మా?"

"నందిగామకి. వియ్యపురాలికి కన్ను ఆపరేషనైతే నేను ఇంట్లో కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు? వచ్చేటప్పుడు ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టు, వెనక కుదుపులు. ముందుగదిలో మంచం కిటికీకి దూరంగా జరిపించా. ఎండ కంట్లో కొడుతుంది."

అపూర్వ నా కాలు తొక్కింది. నేను అత్తయ్యకి నెయ్యి వడ్డించా. చెంచా ఎందుకో రెండోసారి కూడా ఒంగింది.

"చాల్చాల్లే" అన్నారావిడ, ముద్ద కలుపుకుంటూ. "ఒక్కటి మాత్రం చెప్తున్నా అమ్మాయ్. మర్నాడు కట్టు విప్పేటప్పుడు నేను వంటింట్లో ఉంటా. ముందు మీ ఆయన్ని ఎదురుగా నిలబెట్టు. వాడు పాతబడ్డాడు, వాడికేం కాదు."